ఎరవు తెచ్చిన గొడ్డలి
(విదేశములకు చదువ పోవువారి ఖర్చు లెక్కను గూర్చి ఒక ఆలోచన)

ధ్యానమునకు: 2 రాజులు 6:1-7, 2 రాజులు 4:1-7, లూకా 14:28-30



ఎలీషా దినములలో ప్రవక్తల శిష్యులకు తాము నివసించు స్థలము ఇరుకాయెను. వారు యొర్దాను తీరమునకు పోయి, తలకొక మ్రాను నరికి, విశాలమైన నివాసము కట్టుకొనుటకు గురువును సెలవడిగిరి. ఆ పనిలో ఒకని గొడ్డలి ఊడి నీటిలో పడెను. ఈ కథ చెప్పునప్పుడు మనము సాధారణముగా ఇనుము తేలిన అద్భుతమునే చెప్పుకొందుము. అయితే ఆ శిష్యుడు దేనిని గూర్చి మొఱ్ఱపెట్టెనో గమనింపుడు. పని ఆగిపోయినందుకు కాదు, తోటివారి యెదుట సిగ్గుపడినందుకును కాదు. ఆ గొడ్డలి తనది కాదు, మరియొకనియొద్ద ఎరవు తెచ్చినది. అదే అతని దుఃఖము.

అతడు విద్యార్థి. అతని ఉద్దేశము మంచిది. అతని కష్టము నిజమైనది. అయినను గొడ్డలి నీళ్ల పాలాయెను. ఉద్దేశము మంచిదైనంత మాత్రమున అప్పు అప్పు కాకపోదు.

నేడు మన తెలుగు జిల్లాలలో అనేకమంది కుమారులును కుమార్తెలును ఇరుకైన స్థలమును విడిచి, సముద్రముల కవతల విశాలమైన స్థలము వెదకుచున్నారు. ఒకప్పుడు అమెరికాకు గాని ఇంగ్లండుకు గాని పోయి చదువుట కలిగిన యిండ్లవారికే సాధ్యమై యుండెను. ఇప్పుడు సన్నకారు రైతు బిడ్డ, బడిపంతులు బిడ్డ, బస్సు కండక్టరు బిడ్డ కూడ పోవుచున్నారు. ఇది సంతోషింపదగిన సంగతి. చదువు వలననే మనలో అనేకుల యిండ్లలో దీపము వెలిగెను. అయితే వీరిలో ఎక్కువమంది చేతిలోనున్నది ఎరవు తెచ్చిన గొడ్డలి. గనుక ఈ మాసము ఒక ప్రశ్న ఆలోచింతము: ఈ చదువు ఖర్చుల లెక్క కేవలము కూడికలు తీసివేతల సంగతియా, లేక మనస్సాక్షికి సంబంధించిన సంగతియా?

1. లెక్క చూచుట అవిశ్వాసము కాదు

కొందరు భక్తిగల తలిదండ్రులు, “మనము లెక్కలు వేయనేల? పంపించిన దేవుడే చూచుకొనును” అందురు. ఈ మాట విశ్వాసమువలె వినబడును. అయితే మన ప్రభువే గోపురము కట్టగోరిన మనుష్యుని ఉపమానము చెప్పి, వాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనడా అని అడిగెను. పునాది వేసి కొనసాగింపలేనివానిని చూచువారు ఎగతాళి చేయుదురనియు హెచ్చరించెను. ఆయన ఆ ఉపమానమును శిష్యత్వమును గూర్చి చెప్పెననుట నిజమే. కాని పరలోకరాజ్యము కొరకే కూర్చుండి లెక్క చూడుమన్నవాడు విశ్వవిద్యాలయము కొరకు నిలువుకాళ్ల మీద సంతకము పెట్టుమనునా? ఐగుప్తులో యోసేపు దేవుని బయలుపాటును నమ్మెను గనుకనే ధాన్యము కొలిచి కొట్లలో పోయించెను. నమ్మనివాడైతే కొలువడు.

2. నీ యింటిలో ఏమున్నది?

అప్పులవాడు కుమారులను దాసులుగా తీసికొనిపోవుటకు వచ్చినప్పుడు ఒక విధవరాలు ఎలీషాయొద్ద మొఱ్ఱపెట్టెను. ఆమె భర్తయు ప్రవక్తల శిష్యులలో నొకడే. ప్రవక్త ఆమె యింటిలో ఏమున్నదని విచారించెను. మనమును అక్కడనే మొదలు పెట్టవలెను. ఒక కాగితము తీసికొని ఒక ప్రక్క ఇంటిలో ఉన్నదానిని, రెండవ ప్రక్క పోవలసినదానిని వ్రాయవలెను.

పోవలసిన ప్రక్కన చాలామంది కళాశాల ఫీజు ఒక్కటియే వ్రాయుదురు. అది లెక్కలో ఒక వంతు మాత్రమే. పరీక్షల రుసుము, దరఖాస్తుల రుసుము, వీసా రుసుము, విమాన టిక్కెట్టు, గది అడ్వాన్సు, చలి బట్టలు, ఆరోగ్య బీమా, భోజనము, బస్సు చార్జీలు, పుస్తకములు - ఇవన్నియు చిన్న చిన్న కాలువలైనను కలిసి ఏరగును. అమెరికాకు పోవు విద్యార్థి వీసా దరఖాస్తుకు 185 డాలర్లు, విద్యార్థుల నమోదు రుసుముగా మరి 350 డాలర్లు ముందుగానే చెల్లించును. ఇంగ్లండుకు పోవువాడు ఆరోగ్య రుసుముగా సంవత్సరమునకు 776 పౌండ్లు వీసా రుసుముతో పాటు కట్టవలెను. ఆస్ట్రేలియా విద్యార్థి వీసా రుసుము 2025 జూలైలో 2,000 డాలర్లాయెను. అది వారి డాలరు.

జీవనపు ఖర్చు ఎంతయో ఆయా ప్రభుత్వములే చెప్పుచున్నవి. జర్మనీ 2024 సెప్టెంబరు మొదలు నెలకు 992 యూరోల చొప్పున సంవత్సరమునకు 11,904 యూరోలు ముందుగా ఒక ప్రత్యేక ఖాతాలో నిలుపుమనును. విద్యార్థి దానినుండి నెలకింత అని మాత్రమే తీసికొనగలడు. యూరోను నూరు రూపాయలుగా పట్టినను ఇది 11 లక్షల 90 వేల రూపాయలు. బ్రిటను 2025 నవంబరు మొదలు లండనులో నెలకు 1,529 పౌండ్లు, లండను వెలుపల 1,171 పౌండ్లు చొప్పున 9 నెలల వరకు చూపుమనుచున్నది. ఆస్ట్రేలియా 2024 మే మొదలు సంవత్సరమునకు 29,710 డాలర్లనినది. కెనడా అనేక సంవత్సరములు 10,000 డాలర్లు చాలుననెను. 2024 జనవరిలో దానిని 20,635కు, 2025 సెప్టెంబరులో 22,895కు పెంచెను. ఇవి ఫీజు కాక అదనముగా కావలసినవి. ఈ సంఖ్యలు మరల మారును గనుక ప్రయాణము తలపెట్టినవాడు దళారి మాట విడిచి ఆ ప్రభుత్వపు ప్రకటననే చూడవలెను.

అమెరికాలో విశ్వవిద్యాలయము ఐ-20 అను కాగితము మీద ఖర్చు అంచనా వేసి పంపును. దానిని జాగ్రత్తగా చదువుడు. అనేక చోట్ల ఆ అంచనా 9 నెలల చదువు కాలమునకే వ్రాయబడును. ఇంటి అద్దె ఒప్పందమో తరచుగా 12 నెలలకుండును. వేసవిలో పాఠములు లేకపోవచ్చును గాని ఆకలి యుండును, అద్దెయు ఉండును. ఒక విషయములో తప్పినయెడల దానికి మరల ఫీజు కట్టి చదువవలసివచ్చును. రూపాయి విలువ కూడ నిలకడగా నుండదు. 2013 ఆరంభమున డాలరు సుమారు 55 రూపాయలు. 2025 డిసెంబరులో అది 90 దాటెను. రెండవ సంవత్సరపు ఫీజు 20,000 డాలర్లనుకొనుడు. 83 రూపాయల చొప్పున అది 16 లక్షల 60 వేలు, 90 చొప్పున 18 లక్షలు. విద్యార్థి ఏ తప్పును చేయకుండగనే 1 లక్ష 40 వేలు పెరిగెను. గనుక లెక్క వేసినవాడు పదింట ఒక వంతు అదనముగా ఉంచుకొనుట మంచిది.

“అక్కడ పని చేసి ఫీజు కట్టుకొందును” అని పిల్లలు ధైర్యము చెప్పుదురు. పని మంచిదే, పౌలు గుడారములు కుట్టెను. అయితే ఆ దేశముల చట్టమునకు హద్దులున్నవి. అమెరికాలో చదువు కాలమున వారమునకు 20 గంటలు, అదియు కళాశాల ఆవరణలో. బ్రిటనులో డిగ్రీ చదువువానికి పాఠములు జరుగు కాలమున 20 గంటలు. కెనడాలో 2024 నవంబరు నుండి ఆవరణ వెలుపల 24 గంటలు. ఆస్ట్రేలియాలో రెండు వారములకు 48 గంటలు. ఈ కూలితో కూరగాయలు కొనవచ్చును, కొంత అద్దె కట్టవచ్చును. ఫీజును దీనిమీద ఆనించువాడు ఇసుకమీద ఇల్లు కట్టుచున్నాడు. పని దొరకుటకే కొన్ని నెలలు పట్టవచ్చునుగదా.

3. గొడ్డలి ఎవరిది?

ఇప్పుడు ఉన్నదాని ప్రక్క చూతము. అక్కడ తరచుగా వ్రాయబడు మాట అప్పు. ఒక కుటుంబము బ్యాంకులో నూటికి 11 వడ్డీకి 30 లక్షలు తీసికొనెననుకొందము. చదువు రెండేండ్లు, ఆపై ఒక సంవత్సరము బ్యాంకు వాయిదా అడుగదు. ఇది గడువే గాని మాఫీ కాదు. వడ్డీ సంవత్సరమునకు 3 లక్షల 30 వేలు. మూడేండ్లకు 9 లక్షల 90 వేలు. చెల్లింపు మొదలు పెట్టునాటికి అప్పు దాదాపు 40 లక్షలు. దానిని పదేండ్లలో తీర్చవలెనన్న నెలకు సుమారు 55 వేలు కట్టవలెను. చాలని సొమ్ముకు ఊరిలో నూటికి రెండు రూపాయల వడ్డీకి 5 లక్షలు తెచ్చినయెడల, నెలకు 10 వేలు వడ్డీయే. మూడేండ్లలో 3 లక్షల 60 వేలు పోయినను అసలు అట్లే నిలుచును.

కుమారునికి అక్కడ మంచి ఉద్యోగము దొరికినయెడల నెలకు 55 వేలు బరువు కాదు. దొరకనియెడల? అతడు ఇక్కడికి వచ్చి చిన్న జీతమునకు చేరినయెడల? ఆ వాయిదా ఎవరు కట్టుదురు? ఈ ప్రశ్న అపశకునమని అడుగుట మానుదురు. ఆ ప్రశ్నను విమానము ఎక్కకముందు మనము అడుగనియెడల బ్యాంకువారు తరువాత అడుగుదురు.

మరియు ఆ గొడ్డలి నిజముగా ఎవరిది? కాగితము మీద తండ్రి సంతకము. తాకట్టులో ఎకరము నేల. ఆ నేల తల్లి వృద్ధాప్యము. బీరువాలోనుండి తీసిన బంగారము చెల్లెలి నిమిత్తము దాచినది. డిగ్రీతో చదువు ఆపిన అక్క వంతు కూడ అందులో కలదు. హామీ సంతకము చేసిన మేనమామ యిల్లు కూడ కలదు. హామీ ఉండుటను గూర్చి సామెతల గ్రంథము ఎన్నిసార్లు హెచ్చరించెనో మనకు తెలియును. ఒక బిడ్డ నిమిత్తము అందరి వంతును ఖర్చు చేయుట న్యాయమా? ఎల్లప్పుడు అన్యాయమని నేననను. కుటుంబములో ఒకడు ముందు గట్టెక్కి తక్కినవారికి చెయ్యి అందించుట కలదు. అయితే ఆ చెయ్యి అందించు మాట ముందుగా అందరి యెదుట పలుకబడవలెను. యాకోబు ఒక్క కుమారునికే విచిత్రమైన నిలువుటంగీ కుట్టించినందున ఆ యింటిలో ఏమి జరిగెనో మరువకుడి. అందరికి సమానముగా సొమ్ము పంచుట సాధ్యము కాకపోవచ్చును. అందరి మాట సమానముగా వినుట సాధ్యమే. బరువు మోయబోవు ప్రతివానిని, ముఖ్యముగా మాటాడుటకు అలవాటులేని కుమార్తెను, ఆ రాత్రి కూర్చుండబెట్టి అడుగవలెను. తలదాచుకొను ఇల్లును, కడుపు నింపు నేలను తాకట్టు పెట్టరాదని నా నిశ్చయము. పోగొట్టుకొని బ్రదుకలేనిదానిని పందెములో పెట్టుట విశ్వాసము కాదు.

4. చూపుటకు తెచ్చిన సొమ్ము

మరియొక సంగతి సంకోచము లేకుండ చెప్పవలెను. వీసా నిమిత్తము ఖాతాలో సొమ్ము చూపవలసి యున్నది. అది లేనివారికి, రుసుము తీసికొని కొన్ని వారములు సొమ్ము నిలిపి, వీసా ముద్ర పడగానే మరల తీసికొనిపోవువారు ఉన్నారు. “అందరు చేయుచున్నారు, దీనివలన ఎవరికి నష్టము?” అని అడుగుదురు.

అననీయ సప్పీరాల కథ జ్ఞాపకము చేసికొనుడి. పొలము వారిదే, సొమ్మును వారి స్వాధీనములోనిదే అని పేతురు ఒప్పుకొనెను. తక్కువ తెచ్చుట వారి పాపము కాదు. కొంత తెచ్చి, అంతయు ఇదియే అన్నట్లు చూపుట వారి పాపము. లేనిదానిని ఉన్నట్లు చూపుటయు ఆ జాతిలోనిదే.

ఇక నష్టము ఎవరికి? బ్రిటను ప్రభుత్వము ఆ సొమ్ము 28 దినములు ఎడతెగక ఖాతాలో ఉండవలెననుట ఆచారము కొరకు కాదు. ఈ బిడ్డ జనవరి చలిలో ఏమి తిని బ్రదుకును అన్నదే ఆ నియమము అడుగు ప్రశ్న. అది తండ్రి అడుగవలసిన ప్రశ్న. తండ్రి అడుగక పోయినను అధికారి అడిగెను. ఎరవు సొమ్ముతో ఆ నోరు మూసితిమి. బిడ్డ మేలు కోరి అడిగిన కడపటి మనిషిని మోసపుచ్చితిమి.

ఆ మొదటి అబద్ధము పిల్లలను కనును. చేతిలో సొమ్ము లేక దిగిన విద్యార్థి మూడవ నెలలోనే చట్టము విధించిన గంటలు దాటి, రాత్రులు, రసీదు లేని కూలికి పనిచేయును. అట్టివానికి కూలి ఎగవేసిన యజమానిపై ఫిర్యాదు చేయుటకు నోరుండదు. నిద్రలేక చదువు చెడును. పట్టుబడినయెడల వీసాయు చెడును. నెహెమ్యా దినములలో జనులు పొలములను ద్రాక్షతోటలను కుదువపెట్టి, కడకు కుమారులను కుమార్తెలను దాస్యమునకు అప్పగించితిమని ఏడ్చిరి. వారు కరవులో బ్రదుకుటకు ధాన్యము కోరిరి. మనము బిడ్డ అభివృద్ధి కోరి అదే త్రోవలో నడువవచ్చునా?

5. ఒక ఆక్షేపణ

“అయ్యగారూ, పేదవాడు ఇంత లెక్క చూచినయెడల గడప దాటలేడు. కలిగినవారి పిల్లలే పోవుదురు” అని ఒకరు అనవచ్చును. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. మన పెద్దలు కూడ జాగ్రత్తను మాత్రమే చూచుకొనియుంటే పలక పట్టియుండరు.

అయితే నిజమైన లెక్క తలుపులను మూయుటకు మాత్రమే కాదు, కనబడని తలుపులను చూపుటకు కూడ పనికివచ్చును. ఆ విధవరాలు తన యింటిలో నూనె కుండ తప్ప మరేమియు లేదని ఉన్నది ఉన్నట్లు చెప్పెను. దేవుడు ఆ కుండతోనే పని మొదలు పెట్టెను. లేని పది కుండలను ఆమె ఉన్నవని చూపియుండిన ఏమగును?

ఉన్నది ఇంతే అని ఒప్పుకొన్నవాడు అమెరికా ఒక్కటియే దేశము కాదని చూచును. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో అనేకము బోధన ఫీజు తీసికొనవు. బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రము మాత్రము 2017 నుండి ఐరోపా సమాఖ్య వెలుపలివారికి అర్ధ సంవత్సరమునకు 1,500 యూరోలు విధించినది. అట్టివాడు ప్రభుత్వ సహాయములను విచారించును: షెడ్యూల్డు కులములవారికి కేంద్ర ప్రభుత్వపు జాతీయ విదేశీ స్కాలర్‌షిప్పు కలదు, తెలంగాణలో అంబేద్కరు పేరిట, ఫూలే పేరిట, అల్పసంఖ్యాకుల నిమిత్తము విదేశ విద్యా పథకములు ఏర్పాటైనవి. మంజూరు కాగితము చేతికి రాకముందు ఆ సొమ్మును లెక్కలో వేయరాదు. ప్రొఫెసరు క్రింద సహాయకునిగా పనిచేసి ఫీజు తగ్గింపు పొందు మార్గము కలదు. రెండేండ్లు ఇక్కడ ఉద్యోగము చేసి, కొంత కూడబెట్టి, ఆ తరువాత పోవు మార్గమును కలదు. ఆలస్యమైనది అవమానమైనది కాదు. యోసేపుకు ముప్పది యేండ్లకుగాని తలుపు తెరువబడలేదు.

6. పోయిన తరువాత

పోయినవాడు వారమునకొకసారి ఖర్చు వ్రాసికొనవలెను. నెలకొకసారి ఇంటికి నిజము చెప్పవలెను. కుమారుడు ఒక పూట పస్తుండి, ఫోనులో “తిన్నాను నాన్నా” అనును. తండ్రి పాడి గేదెను అమ్మి, “అంతా బాగే ఉన్నది, నీవు చదువుకో” అనును. ఇద్దరిదియు ప్రేమయే. అయితే ఇట్టి ప్రేమలో ఇద్దరును ఒకరి లెక్క ఒకరికి తెలియక మునిగిపోవుదురు. గొడ్డలి పడినవాడు వెంటనే కేక వేసెను. గురువు, ఎక్కడ పడెనని అడిగెను. అతడు స్థలము చూపెను. స్థలము చూపినందుననే అక్కడ కొమ్మ వేయబడెను. ఎక్కడ పడెనో చెప్పనివానికి ఎవరు సహాయము చేయగలరు?

7. సంఘము చేయదగినది

ఉపమానములో ఎగతాళి చేసినవారున్నారు. చదువు మధ్యలో ఆగి తిరిగి వచ్చిన యౌవనస్థుని చూచి, “వెళ్లినవాడు వచ్చేసెను” అని గుసగుసలాడువారు ఎవరు? అనేకసార్లు మనమే. ఈ ఎగతాళికి భయపడియే ఎందరో బిడ్డలు అక్కడ చెప్పుకొనక కుమిలిపోవుదురు. వీసా వచ్చినప్పుడు ఊరంతటికి విందు, ఫ్లెక్సీ బొమ్మలు, సన్మానము. అదియు అప్పు సొమ్ముతోనే. ఇంత ఎత్తు లేపినవానికి దిగుటకు మెట్టేది? విందు మానుకొని ఆ సొమ్మును ఆ బిడ్డ చలికోటునకు ఇచ్చుట మేలు. తిరిగి వచ్చినవానిని ఆదివారము ముందు బల్లమీదనే, ఎప్పటివలెనే, కూర్చుండనియ్యుడి.

విధవరాలి పొరుగువారు ఆమెకు వడ్డీ సొమ్ము ఇయ్యలేదు. వట్టి పాత్రలు ఎరవిచ్చిరి. మనకును అట్టి పాత్రలున్నవి. మన సంఘములలో బ్యాంకు ఉద్యోగులున్నారు, ఉపాధ్యాయులున్నారు, ఇదివరకే ఆ దేశములకు పోయి చదివినవారున్నారు. వారు ఒక సాయంకాలము కూర్చుండి ఒక పేద తండ్రికి లెక్క విప్పి చెప్పినయెడల అదియొక పాత్ర. కాపరులమైన మేమును వీసా కొరకు ప్రార్థింప పిలువబడినప్పుడు, ప్రార్థనకు ముందు కాగితము కలము తెమ్మని అడుగుట మా పరిచర్యకు తక్కువ కాదు.

నూనె నిండిన పిమ్మట ఎలీషా ఆ తల్లికి చెప్పిన క్రమమును చూడుడి: మొదట అమ్మి అప్పు తీర్చుట, తరువాత మిగిలినదానితో తానును పిల్లలును బ్రదుకుట. ఉద్యోగము దొరికిన కుమారులారా, కుమార్తెలారా, ఈ క్రమమును తలక్రిందులు చేయకుడి. కారును క్రొత్త యిల్లును కొనకముందు తండ్రి సంతకమును విడిపించుడి, మేనమామ హామీని తీసివేయుడి, చెల్లెలి బంగారమును తెచ్చి ఆమె చేతిలో పెట్టుడి.

కుటుంబ ప్రార్థన కాలమున ఆలోచించుటకు:

(1) మన లెక్కలో మనము వ్రాయక దాచిన ఖర్చు ఏదైన కలదా?
(2) ఈ చదువు బరువు మోయబోవువారిలో మనము ఇంకను అడుగనివారు ఎవరు?
(3) అనుకొన్నట్లు జరుగనియెడల, తిరిగి ఇంటికి రావచ్చునని మన బిడ్డకు మనము నోట చెప్పితిమా?